బిగించినవాడే విప్పాలని రూలుంటే

ఇది బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళ టపా అని దాటేసి వెళ్ళిపోకండి. ఎవడో ఎప్పుడో రాసి పడేసిన కోడు ముందు కూర్చుని తల పట్టుకున్న ప్రతివాడికీ ఇందులో ఎంతోకొంత వాటా ఉంది.

మా నాన్నగారు 2009లో కొన్న 150 సీసీ బండి ఇప్పుడు నా దగ్గరుంది. ఉద్యోగం వచ్చాక గుంటూరు నుంచి రైల్లో వేయించుకుని తెచ్చుకున్నా. అమ్మెయ్యమని చెప్పనివాడు లేడు, నేను విననిదీ లేదు. ఆమధ్య ముందు షాకుల్లో ఒకదాన్నుంచి నూనె కారడం మొదలైంది. సరిగ్గా డిస్కు బ్రేకు ఉన్న వైపే. రెండ్రోజులు గుడ్డతో తుడిచి ఊరుకున్నా. మూడో రోజు మియాపూర్ సిగ్నల్ దగ్గర ముందు బ్రేకు నొక్కితే బండి ఆగలేదు. వెనక బ్రేకు మీద నిలబడితే, ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగింది. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న పాప నావైపే చూస్తోంది. నూనె బ్రేకు ప్యాడ్లదాకా చేరిపోయిందన్నమాట. నూనె పీల్చిన ప్యాడ్లు ఇక తుడిచినా పనికిరావు, మార్చాల్సిందే. ప్యాడ్లు మార్చే ముందు ఆయిల్ సీలు మార్చాలి.

సర్వీసు సెంటరువాళ్ళు "షాకు మొత్తం మార్చాలి సార్" అన్నారు. సీలు ఖరీదు వందల్లో, షాకు ఖరీదు వేలల్లో. మనం ఇంజనీరింగ్ చదివాం కదా (ఈసీఈ అనుకోండి, అది వేరే సంగతి), నాలుగు వీడియోలు చూసి, రాణిగంజ్ వెళ్ళి ఒక అలెన్ కీల సెట్టు కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే అపార్టుమెంటు పార్కింగులో దుకాణం పెట్టా.

తెలియనివాళ్ళ కోసం: షాకు కాలు అడుగున, లోపలికి ఒక బోల్టు ఉంటుంది. లోపల ఉండే డ్యాంపర్ రాడ్డుని బయటి అల్యూమినియం కాలికి పట్టి ఉంచేది అదే. అది రాకపోతే రెండు గొట్టాలూ విడిపోవు, సీలు మారదు. మామూలు ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు, ఆరు మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది.

నేను చేసిన మొదటి తప్పు, ఉత్సాహంగా పైన మూత విప్పి, స్ప్రింగు తీసేసి, నూనె ఒంపేసి, అప్పుడు ఈ బోల్టు దగ్గరికి రావడం. లోపలి రాడ్డు తిరక్కుండా నొక్కిపట్టేది ఆ స్ప్రింగే. అది లేకపోయేసరికి బోల్టుతోపాటు రాడ్డు కూడా గిరగిరా తిరుగుతోంది. ఎంతసేపు తిప్పినా అంతే. తర్వాత ఎక్కడో చదివిన చిట్కా గుర్తొచ్చి, ఇంట్లో చెక్క మాపు కర్ర చివర కొంచెం చెక్కి, పైనుంచి గొట్టంలోకి దూర్చి గట్టిగా అదిమా. మా ఆవిడ చూపు గురించి రాయను. చిట్కా పనిచేసింది, రాడ్డు ఆగింది. ఇప్పుడు బలమంతా పెట్టి తిప్పా. అలెన్ కీకి ఒక చివర గుండ్రటి తల ఉంటుంది చూశారూ, నేను పెట్టింది ఆ చివర. అది వంకరగా ఉన్నచోట తిప్పుకోవడానికే తప్ప బలం పెట్టడానికి కాదు. "టక్" మని జారింది.

అక్కడ ఆగాలి. ఆగానా? లేదు. మళ్ళీ పెట్టా, మళ్ళీ జారింది. రబ్బరు బ్యాండు వేసి తిప్పా. పక్కింటాయన సలహా మీద డబ్ల్యూడీ-40 కొట్టి గంటసేపు కూర్చున్నా. ఈ బోల్టుకి చాలా బళ్ళలో కంపెనీలోనే థ్రెడ్‌లాక్ జిగురు రాస్తారు. ఎండిపోయిన ఆ జిగురు నూనెకి కరగదు, వేడికి మెత్తబడుతుంది. తుప్పుకి వేసే మందు జిగురుకి వేసి కూర్చున్నానన్నమాట. మధ్యాహ్నానికి ఆరు మూలల గుంట కాస్తా గుండ్రంగా తయారైంది.

సాయంత్రం ఆ కాలుని పాలిథీన్ కవర్లో చుట్టుకుని, మా వీధి చివర షెడ్డుకి వెళ్ళా. అక్కడి మెకానిక్కుని అందరూ భాయ్ అంటారు. తిప్పి చూసి, "ఎవరు కెలికిండ్రన్నా దీన్ని?" అన్నాడు. ఎవరో అని చెప్పబోయి, చేతులనిండా ఉన్న మసి చూసుకుని ఊరుకున్నా.

భాయ్ చేసింది చెప్తా. స్ప్రింగు వెనక్కి పెట్టి మూత బిగించాడు. బోల్టు గుంటలో ఉన్న మట్టిని సూదితో గీకి తీశాడు. తల మీద పంచి పెట్టి సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేశాడు. తర్వాత గుంటకన్నా పిసరంత పెద్దదైన నక్షత్రం ఆకారం బిట్టు పెట్టి సుత్తితో దిగ్గొట్టాడు. ఇంపాక్ట్ గన్ను తగిలించి అర సెకను నొక్కాడు. "బర్ర్" మంది, వచ్చేసింది. అదీ రాకపోతే బోల్టు తల వరకు డ్రిల్లుతో తీసేస్తే చాలట, తల పోయాక కాలు దానంతటదే ఊడొస్తుంది, మిగిలిన ముక్కని తీరిగ్గా తీసుకోవచ్చు.

"మీరు ఖరాబ్ చేసిన్రు గానీ, అసలు తప్పు మీది కాదన్నా. ఇంతకుముందు ఎవడో గన్ను పెట్టి బిగించిండు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే కొత్త బోల్టు, కొత్త రాగి వాషరు వేసి, భాయ్ అదే గన్నుతో "బర్ర్" మని బిగించేశాడు!

ఇదీ నా బాధ. మా ఆఫీసులో ఈ విషయమ్మీద రెండు పార్టీలున్నాయి. మన బండి మనమే చేసుకోవాలని ఒకరు, పనిమంతుడికే ఇవ్వాలని ఒకరు. రెండూ విప్పడం గురించే మాట్లాడతాయి. బోల్టు పాడయ్యేది విప్పేనాడు కాదు, బిగించేనాడు. ఇలాంటి ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకి మాన్యువళ్ళలో మామూలుగా రాసేది 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బియ్యం సంచీ వేలాడదీసినంత, అంతే. గన్ను సరదాగా నొక్కితే వంద దాటిపోతుంది. బిగించేవాడికి అది రెండు నిమిషాల ఆదా. విప్పేవాడికి ఒక ఆదివారం, అదృష్టం బాలేకపోతే ఒక షాకు కాలు. ఆ ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడరు, అందుకే ఇది ఇలా నడుస్తోంది. రిలీజు రోజు రాత్రి "తర్వాత చూసుకుందాం" అని కామెంటు పెట్టి, ఆరు నెలల్లో కంపెనీ మారిపోయినవాళ్ళకి (నేనూ ఉన్నా అందులో) ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

భాయ్ పనితనం ముందు నేను ఎందుకూ పనికిరాను, అది ఒప్పుకున్నా. కానీ విప్పడంలో అంత నేర్పు ఉన్నవాడు బిగించడంలో అంత నిర్లక్ష్యంగా ఉండటం నాకు మింగుడు పడలేదు. ఆ మాటే అంటే నవ్వి, "లూజైతే కస్టమర్ నన్ను తిడతడు, టైటైతే ఎవడూ తిట్టడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి వారం మూడు వేల లోపులో ఒక టార్క్ రెంచి కొన్నా. రెండో వైపు కాలు నేనే చేశా. ఈసారి స్ప్రింగు తియ్యకుండా, గుండ్రటి చివర కాకుండా తిన్నటి చివర పెట్టి, ముందు హీట్ గన్నుతో ఆ బోల్టు దగ్గర కాస్త వేడి చేసి. సీలు ఎలాగూ మార్చేదే కాబట్టి వేడికి పాడవుతుందన్న భయం లేదు. ఒక్క ఊపులో వచ్చింది. బిగించేటప్పుడు రెంచి "క్లిక్" మంది, చెయ్యి తీసేశా. ఇంతేనా అనిపించేంత తేలిగ్గా ఉంది.

భాయ్ బిగించిన మొదటి కాలు ఇంకా అలాగే ఉంది. దాన్ని మళ్ళీ వదులు చేసి రెంచితో బిగిద్దామనుకుంటూనే ఉన్నా. కానీ రెంచి నా దగ్గర లేదు. ఒకసారి చూస్తానని భాయ్ పట్టుకెళ్ళి మూడు వారాలైంది. నేనూ అడగలేదు.