మచ్చే చిరునామా

బ్రిటిష్ అధికారులు మహసీర్ చేపల వేటకు వాడినలాంటి పాత వెదురు గాలపు కర్ర అటక మీద దొరికితే చాలామంది చేసే మొదటి పని దాన్ని మెరిపించడం. ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త వార్నిష్ పూస్తే కర్ర నిగనిగలాడుతుంది. దాని చరిత్ర మాత్రం పొడిగా రాలిపోతుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటన్, అమెరికా తయారీదారులు సాధారణంగా ఆరు సన్నని వెదురు బద్దలను జిగురుతో అతికించి ఈ కర్రలు చేసేవారు. అందుకు ఎక్కువగా వాడింది భారత్ నుంచి వెళ్లిన 'కలకత్తా వెదురు'. దానిపై తరచూ కాలిన మచ్చలుండేవి. తర్వాత ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌ నుంచి వచ్చిన 'టోంకిన్' వెదురు దాన్ని పక్కకు నెట్టేసింది. చైనా సరుకుపై 1950లో అమెరికా ఆంక్షలు విధించాక అక్కడ ఫైబర్‌గ్లాస్ కర్రలు జోరందుకున్నాయి.

అంటే కాలిన మచ్చ లోపం కాదు, వయసుకు సాక్ష్యం. దగ్గర దగ్గరగా ఉన్న పట్టుదారం చుట్లూ అంతే. తడికి జిగురు ఊడి బద్దలు విడిపోతాయన్న భయంతో చుట్టినవవి. ఇంగ్లండ్‌లోని ఆనిక్‌లో 1872లో మొదలైన హార్డీ వంటి సంస్థలు వెదురు మీదే సిరాతో పేరు రాసి, పైన వార్నిష్ పూసేవి. రుద్దితే ముందు పోయేది ఆ పేరే.

అందుకే మెత్తని పొడిగుడ్డ, భూతద్దం చాలు. మచ్చలు చెరిపేసిన కర్రతో చేపను పట్టొచ్చేమో గానీ, దాని పుట్టుపూర్వోత్తరాలు పట్టలేం.