పిన్ ఒక్కసారే, కోత నెలనెలా

సరిహద్దు పల్లెల్లో డబ్బుకు తనదైన నడక ఉంది. కోతల తర్వాత రైతు చేతికి, వారాంతాన కూలీ చేతికి, పదిహేను రోజులకోసారి పాడి పశువులున్న ఇంటికి సొమ్ము చేరుతుంది. కిరాణా కొట్టు పద్దు సైతం ఈ నడకనే అనుసరిస్తుంది. చేతిలో డబ్బు ఉన్నప్పుడు, తామే లెక్క చూసుకుని చెల్లించడం ఇక్కడి ఆనవాయితీ. దేశంలోని మొబైల్ కనెక్షన్లలో నూటికి తొంభైకి పైగా ప్రీపెయిడ్‌వే కావడం ఈ అలవాటుకు నిదర్శనం.

యాప్‌ల నెలవారీ చందా పద్ధతి మాత్రం నెల జీతమూ, క్రెడిట్ కార్డూ ఉన్న పాశ్చాత్య వినియోగదారుని కోసం రూపొందింది. ఒకసారి కార్డు సంఖ్య ఇస్తే, వద్దనే వరకు సొమ్ము దానంతటదే కోతపడుతుంది. ఈ రెండు అలవాట్ల నడుమ ఘర్షణ అనివార్యమైంది.

మొదట దిగివచ్చినవి కంపెనీలే. నెట్‌ఫ్లిక్స్ 2019 జులైలో ఫోన్‌కే పరిమితమైన 199 రూపాయల పథకాన్ని తెచ్చి, 2021 డిసెంబరులో దానిని 149కి తగ్గించింది. కోతకు 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి కచ్చితంగా అమలులోకి వచ్చింది. 2022లో ఆపిల్ తన యాప్ స్టోర్ చెల్లింపులకు భారతీయ కార్డులను స్వీకరించడం మానివేసి, యూపీఐ, నెట్ బ్యాంకింగ్, ముందుగా నింపుకునే నిల్వలను ఆశ్రయించింది. అదే ఏడాది నవంబరులో గూగుల్ ప్లే తన చందాలకు యూపీఐ ఆటోపేను జతచేసింది.

ఇది వినియోగదారుని విజయంగా కనిపించినా, చిక్కు ఇక్కడే మొదలైంది. పిన్ నొక్కనిదే పైసా కదలదన్నది యూపీఐపై పల్లె ప్రజల నమ్మకం. 2020 జులైలో ఆరంభమైన ఆటోపేలో పిన్ అడిగేది తొలి అంగీకారం నాడే. అటుపై 15,000 రూపాయల వరకు వాయిదాలకు మళ్లీ అడగవలసిన పని లేదు. రూపాయికే కొద్దిరోజులు చూడవచ్చన్న ప్రకటనను నమ్మి ఇంట్లో ఒకరు పిన్ నొక్కితే, గడువు ముగిశాక పూర్తి చందా కోతపడుతుంది. పింఛను, ఉపాధి కూలి, పాల డబ్బు అన్నీ ఒకే ఖాతాలో ఉండే కుటుంబానికి ఇది స్వల్ప విషయం కాదు.

బళ్లారి, హోసూరు, రాయగడ, సిరోంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు భాష మరో అడ్డంకి. ఇంటి పెద్దకు వచ్చినది తెలుగు. పిల్లలది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో బోధించే బడి. హెచ్చరిక సందేశం తరచూ ఆంగ్లంలో. చదవని హెచ్చరిక రక్షణ కాజాలదు.

యాప్‌ను ఫోన్ నుంచి తొలగించినంత మాత్రాన చందా రద్దు కాదన్నది ప్రధానంగా గ్రహించవలసిన విషయం. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, అక్కడున్న అనుమతిని రద్దు చేయాలి. చందా నుంచి బయటపడనీయకుండా చిక్కుముడులు వేయడాన్ని 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. అట్టి సందర్భాల్లో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు తెలుగులోనూ ఫిర్యాదు చేయవచ్చు.

కొట్టు పద్దును నెలకోసారి సరిచూసుకునే ఇల్లు, ఫోన్‌లోని ఈ పద్దును కూడా అలాగే సరిచూసుకోవలసి ఉంది.