సముద్రంలో వాటా, ఒడ్డున బాధ్యత

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరబోట్ల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. గడువు తీరిన మరునాడే వందలాది బోట్లు ఒక్కసారిగా కడలిలోకి దూకుతాయి. ముందు వెళ్లినవానికే చేప, ఆలస్యమైనవానికి అప్పు అన్నట్లుగా పోటీ సాగుతుంది. నిషేధం అవసరమే, అందులో సందేహం లేదు. అయితే అది వేటాడే కాలాన్ని మాత్రమే అదుపు చేస్తుంది. పట్టే పరిమాణాన్ని అదుపు చేయదు. తాను వదలిన చేపను పక్కబోటువాడు పట్టుకుంటాడన్న భయం ఉన్నంతకాలం ఏ మత్స్యకారుడూ వలను సంకోచంతో విసరడు.

ఈ భయాన్ని తొలగించే మార్గమొకటి అమెరికా దక్షిణాన మెక్సికో సింధుశాఖలో ఆచరణకు వచ్చింది. అక్కడ రెడ్ స్నాపర్ అనే ఎర్రచేపకు గిరాకీ అధికం. ప్రభుత్వం ఏడాదికి ఇంత పట్టవచ్చునని మొత్తం పరిమితిని నిర్ణయించేది గాని, అందులో ఎవరి పాలు ఎంతో చెప్పేది కాదు. ఫలితంగా 1990ల తొలి సంవత్సరాలలో ఏడాదంతటి పరిమితి సుమారు రెండు నెలలకే పూర్తయ్యేది. తుపాను గాలులను సైతం లెక్కచేయక బోట్లు పరుగెత్తేవి. సరకంతా ఒక్కమారు రేవుకు చేరడంతో ధర పడిపోయేది. అనుమతించిన కొలత లేదని నీటిలోకి తిరిగి విసిరిన చేపలలో అనేకం చచ్చేవి.

2007 జనవరి నుండి ఈ పద్ధతి మారింది. వాణిజ్య మత్స్యకారులు స్వయంగా ఓటు వేసి అంగీకరించిన మీదట వ్యక్తిగత వాటాల విధానం అమలులోకి వచ్చింది. పూర్వపు వేట లెక్కలను బట్టి ఒక్కొక్కరికి మొత్తం పరిమితిలో ఇంత శాతమని వాటా కేటాయించారు. ఆ వాటాను ఏడాదిలో ఎప్పుడైనా పట్టుకోవచ్చును. బోటు ఎక్కడున్నదీ తెలిపే పరికరం తప్పనిసరి. రేవుకు చేరడానికి కనీసం మూడు గంటల ముందు సమాచారమివ్వాలి. దింపిన ప్రతి చేప తూకమూ వాటా ఖాతాలో నమోదు కావాలి. వాటా శాతంలో ఉండడమే ఇందులోని మర్మం. చేపల సంతతి పెరిగితే పరిమితి పెరుగుతుంది, దానితోపాటు ప్రతి వాటాదారుని పాలూ పెరుగుతుంది. సంయమనం త్యాగం గాక పెట్టుబడి అయింది. వాటాదారులు సొంత సంఘం కట్టుకొని నిర్ణయాలలో గొంతు వినిపించసాగారు. వాణిజ్య, వినోద వేటలకు కలిపి 2008లో సుమారు 2,270 టన్నులకు కుదించిన పరిమితి 2019 నాటికి సుమారు 6,850 టన్నులకు చేరింది.

ఈ ఘనత అంతా వాటాలదే అనడం న్యాయం కాదు. రొయ్యల ట్రాలు వలలలో పడి నశించే పిల్లచేపల సంఖ్య తగ్గడమూ అందుకు తోడ్పడింది. లోపాలూ లేకపోలేదు. 2012 నుండి బోటు లేనివారు కూడా వాటాలు కొనే వీలు కలిగింది. ఒడ్డున కూర్చుని వాటాను కౌలుకిచ్చేవారు కొందరైతే, ఆ కౌలు చెల్లించి సముద్రంలో చెమటోడ్చేవారు మరికొందరు. భూమిపై కౌలురైతు కష్టాన్ని ఎరిగిన మనకు ఈ చిత్రం కొత్తది కాదు.

మన తీరానికి ఈ విధానాన్ని యథాతథంగా తెచ్చుకోవడం అసాధ్యం. ఒక్క వలలోనే వంజరం, చందువ, కవ్వలు, కానాగంతలు కలసి వస్తాయి. తెప్పలు మొదలు ట్రాలర్ల వరకు అన్నీ ఒకే నీటిలో తిరుగుతాయి. పైగా చేపలకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. యానాం పుదుచ్చేరి పాలనలోనిది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. గంజాం, పూరీ తీరాలలోని తెలుగు మత్స్యకారులు ఒడిశా చట్టం కింద ఉన్నారు. తీరం నుండి 12 నాటికల్ మైళ్ల వరకు వేట నియంత్రణ రాష్ట్రాలది, ఆ పైన కేంద్రానిది. ఒక రేవు పాటించిన సంయమనం ఫలం పొరుగు రేవుకు దక్కితే ఆ సంయమనం నిలువదు.

కనుక మనం స్వీకరించవలసింది వాటాల పట్టికను కాదు, దాని వెనుకనున్న సూత్రాన్ని. మొదటి మెట్టు లెక్క. ఏ రేవులో ఏ చేప ఎంత దిగినదీ మత్స్యకార సంఘాలే నమోదు చేసి, పొరుగు రాష్ట్రపు రేవులతో పంచుకోవాలి. రెండవది, పిల్లచేపలను ఊడ్చే సన్నకన్ను వలలను ఇరువైపులా ఒకే నియమంతో మానాలి. మూడవది, ముందుముందు పరిమితులు విధించే రోజు వస్తే, వాటా వ్యక్తికి గాక సహకార సంఘానికి చెందాలి. అది అమ్మకానికి గాని కౌలుకు గాని పోరాదు. తీరజలాల కావలి లోతు సముద్రంలో వేటకు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించిన నియమాలు సహకార సంఘాలకు ప్రాధాన్యమిచ్చాయి. ఆ ప్రాధాన్యం కాగితం దాటి రేవుకు చేరాలంటే సంఘాలు పేరుకు మాత్రమే ఉంటే చాలదు.

అధికారి విధించిన హద్దును దాటడానికి వంద దారులు దొరుకుతాయి. తోటివారు కూర్చుని గీసుకున్న హద్దును దాటాలంటే మరునాడు రేవులో వారి ముఖం చూడవలసి ఉంటుంది. కడలిని కాపాడగలిగేది ఆ రెండవ హద్దే. దానిని గీయవలసిన చేతులు వల పట్టిన చేతులే.