సంతకం పెట్టేముందు

దసరా సెలవులకు నంగలి పోయినప్పుడు నాయన ఒక కాగితం నా ముందు పెట్టి, "ఇక్కడ సంతకం చేయి పాపా" అన్నాడు. రోడ్డు పక్కనున్న మా రెండెకరాల మెట్టచేను కొనడానికి బెంగళూరు నుంచి మనుషులు వచ్చారట. ఆడపిల్లకూ వాటా ఉంది కదా, నా సంతకం లేకుండా కొనమన్నారట. నేను చేయలేదు. ఎందుకో చెప్తాను.

అవ్వ కాపురానికి వచ్చిన రోజుల్లో తాత ఆ చేనును వారానికి చేసేవాడు. పండిన రాగుల్లో సగం భూమి గలాయన ఇంటికి పోయేది. "సంక్రాంతికి కళ్లం నిండేది, ఉగాదికి మన కుండ ఖాళీ అయ్యేది" అంటుంది అవ్వ. దేవరాజ్ అరసు ప్రభుత్వం భూసంస్కరణల చట్టాన్ని సవరించి, 1974 మార్చి 1 నుంచి కౌలు భూములను ప్రభుత్వపరం చేసింది. దున్నేవాళ్లు ఫారం 7 పెట్టుకుంటే భూ న్యాయమండలి విచారించి హక్కు ఇచ్చేది. తాత పేరు పహణీలో ఎక్కాక ఆ సగం పంట కూడా మా పాతరలోకే వచ్చింది. రాగిలో అనప, కంది సాళ్లు ఉండేవి. సంగటికీ, చలికాలంలో పితికినపప్పుకూ అంగడికి పోయే పని లేదు. ఆహార భద్రత అని పుస్తకాల్లో చదువుతామే, మా ఇంట్లో అది అప్పుడు మొదలైంది.

సేద్యం చేయనివాళ్లు సాగుభూమి కొనకుండా ఆ చట్టంలో 79ఎ, 79బి సెక్షన్లు అడ్డుండేవి. 2020లో వాటిని తీసేశారు. ఇప్పుడు డబ్బున్న ఎవరైనా కొనొచ్చు.

నాయనది తప్పని అనలేను. మా జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు లేదు. బోరు వెయ్యి అడుగులు దిగినా తడి తగలదు. టమాటా ఒక ఏడు లాభం, ఒక ఏడు రోడ్డుపాలు. చట్టం భూమి ఇచ్చింది గానీ నీళ్లు ఇవ్వలేదు. "అన్నభాగ్య బియ్యం వస్తున్నాయి కదా, తిండికేం భయం?" అంటాడు. ఆ బియ్యం రావాల్సిందే. కానీ ఎన్ని కిలోలు ఇవ్వాలో, ఎన్నాళ్లు ఇవ్వాలో తేల్చేది మనం కాదు. చేనులో ఏం వేయాలో తేల్చేది మనమే.

ఇంకో మాట. కలుపు తీసింది అవ్వ, పహణీలో ఎక్కింది తాత పేరు. ఆ భూమి విషయంలో మా ఇంటి ఆడమనిషిని సంతకం అడగడం ఇదే మొదటిసారి. అదీ అమ్మడానికి! వచ్చే డబ్బు నా పెళ్లికేనని తర్వాత తెలిసింది.

స్నేహితురాళ్లారా, మీలో చాలామంది ముందుకు ఇలాంటి కాగితం వస్తుంది. సంతకం పెట్టొద్దని నేను చెప్పను, ఎవరి ఇంటి కష్టం వాళ్లది. పెట్టేముందు మాత్రం, ఈ చేను పోయాక మనం ఏం తింటామో ఇంట్లో అందరి ముందూ అడగండి.

నేను అడిగాను. నాయన ఇంకా జవాబు చెప్పలేదు. రాగి వెన్ను తీసింది, కోత అయ్యేదాకా చూద్దాం అన్నాడు.