చూర్ణమే కదా అని...

ఆలంపూర్ నుంచి ఓ కోడలు రాసిన ఉత్తరం ఇది. ‘మా అత్తమ్మకు అరవై రెండేళ్లు. ఆరేళ్లుగా బీపీకి, షుగర్‌కు అవే గోళీలు వాడుతున్నారు. మలబద్ధకానికని ఎనిమిది నెలలుగా రోజూ రాత్రి రెండు చెంచాల చూర్ణం వేసుకుంటున్నారు. డబ్బా మీద అన్నీ మూలికలేనని, ఏ హానీ ఉండదని రాసి ఉంది. మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, రోజుకు నాలుగైదు సార్లు నీళ్ల విరేచనాలు. చూర్ణం మానేస్తే మూడు రోజులైనా కడుపు కదలదు. కాళ్లలో సత్తువ లేదంటున్నారు. ఇదంతా షుగర్ గోళీల వల్లేనని వాటిని ఆపేస్తానంటున్నారు. ఏం చేయాలి?’

ముందు ఆ గోళీలను ఆపనివ్వకండి. మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మందు కొందరికి విరేచనాలు తెప్పించే మాట నిజమే. అయితే అది ఎక్కువగా మందు మొదలుపెట్టిన కొత్తలోనో, మోతాదు పెంచినప్పుడో కనిపిస్తుంది. ఆరేళ్లు పడిన గోళీ కన్నా ఎనిమిది నెలల చూర్ణాన్నే ముందుగా అనుమానించాలి.

డబ్బా వెనక సన్న అక్షరాల్లో ఉన్న పేర్లు ఒకసారి చదవండి. సునాముఖి అనో, నేలతంగేడు అనో, సెన్నా అనో కనిపించవచ్చు. విరేచనం కోసం అమ్మే చూర్ణాల్లో చాలావాటికి అదే ప్రాణం. తమిళనాడులోని తిరునెల్వేలి పేరుతో ప్రపంచమంతా ఎగుమతయ్యే ఆకు ఇది. ఇందులోని సెన్నోసైడ్లు పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవుల వల్ల విచ్చుకుని, పేగు గోడను ముడుచుకునేలా చేస్తాయి, నీటిని లోపలే నిలిపేస్తాయి. రాత్రి వేసుకుంటే పొద్దున పనిచేయడానికి కారణం అదే. మెలిపెట్టే నొప్పీ అందులో భాగమే. అల్లోపతిలోనూ ఇది మందే. కానీ డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వారం రోజులకు మించి సొంతంగా వాడకూడదు.

‘ఆకే కదా, ఏమవుతుంది?’ అనేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. పాలమూరు, నల్లగొండ మెట్ట రైతులకు ఈ మాట చెప్పి చూడండి, నవ్వుతారు. తరతరాలుగా ఆముదాలు పండించిన నేల అది. ఆముదం తాగితే కడుపు ఏమవుతుందో అక్కడి పిల్లలకూ తెలుసు. గింజ నమిలితే ప్రాణం మీదికొస్తుందనీ తెలుసు. ఆముదమూ మొక్కే మరి! కలబందనే తీసుకోండి. లోపలి గుజ్జు వేరు, తొక్క కింద కారే పసుపు పాలు వేరు. ఆ పాలు తీవ్రమైన విరేచనకారి. వాటితో తయారైన విరేచన మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని అమెరికా 2002లో ఆపేసింది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది కాళ్లలో సత్తువ లేదన్న మాట. నెలల తరబడి నీళ్ల విరేచనాలైతే ఒంట్లోని పొటాషియం కూడా పోతుంది. బీపీకి మూత్రం ఎక్కువగా వెళ్లే గోళీ కూడా వాడుతుంటే నష్టం రెండు వైపుల నుంచీ జరుగుతుంది. పొటాషియం తగ్గితే కండరాలు బలహీనపడతాయి, పిక్కలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది. పేగులు కూడా కండరాలే కాబట్టి అవీ మందగిస్తాయి. దాంతో మలబద్ధకం, దానికి మళ్లీ ఇంకో చెంచా చూర్ణం! ఈ వారంలోనే రక్తంలో పొటాషియం, సోడియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. గద్వాలలోనైనా, నది దాటి కర్నూలులోనైనా చేస్తారు. గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే మాత్రం వారం దాకా ఆగొద్దు.

మీ ఊళ్లో రససిద్ధుడి కథ వినే ఉంటారు, లోహాన్ని బంగారం చేసేవాడని. కథ సరే, చూర్ణంలో లోహం ఉంటే మాత్రం ప్రమాదం. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉందని 2004లో ప్రచురించారు. సీసం ఒంట్లో చేరితే వచ్చేది కడుపునొప్పి, మలబద్ధకం! చూర్ణం దేనికి వేసుకున్నారో అదే. అందుకే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని డబ్బా ఇంట్లోకి రానివ్వకండి. పరీక్షకు వెళ్లేటప్పుడు ఇప్పుడు వాడుతున్న డబ్బాను కూడా సంచిలో పెట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.

మలంలో రక్తం, నల్లటి మలం, బరువు తగ్గడం, కళ్లు పచ్చబడటం ఉంటే చూర్ణం మీద నెపం వేసి ఊరుకోవద్దు. ఈ వయసులో విరేచనం తీరు మారితే పెద్దపేగు పరీక్ష అవసరమో కాదో డాక్టరు తేల్చాలి.

చూర్ణం ఆపాక కొన్నాళ్లు కడుపు మొరాయిస్తుంది. కంగారు పడకండి. జొన్నరొట్టె, ఆకుకూరలు, తగినన్ని నీళ్లు, రోజూ కాస్త నడక... పేగు నెమ్మదిగా దారికొస్తుంది. అవసరమైతే డాక్టరును అడిగి ఇసబ్‌గోల్ వాడొచ్చు. పెద్ద గ్లాసు నిండా నీళ్లతోనే తాగాలి, లేకపోతే ఉబ్బి గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది. బీపీ, షుగర్ గోళీలకూ దానికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచండి.