పొలం అమ్మిన సొమ్ము దుబాయి మేడ ఎలా అవుతుంది?

దుబాయిలో ఇళ్లు, ఫ్లాట్లు కొన్న పరాయి దేశస్థుల్లో అందరికన్నా ముందున్నది మనవాళ్లేనట! 2024 మే నెలలో అనేక దేశాల విలేకరులు కలిసి బయటపెట్టిన పత్రాల ప్రకారం, 2022 నాటికి సుమారు 29,700 మంది భారతీయుల పేర్ల మీద అక్కడ 35,000 ఆస్తులున్నాయి. వాటి ఖరీదు 1,700 కోట్ల డాలర్లు. రూపాయల్లో చెప్పాలంటే లక్షా 40 వేల కోట్ల పైమాటే. ఆ జాబితాలో ఉన్న ప్రతివాడూ దొంగ అని ఎవరూ అనటం లేదు. అక్కడే ఉద్యోగం చేసుకుంటూ కొనుక్కున్నవాళ్లు ఉంటారు, పన్ను సక్రమంగా కట్టినవాళ్లూ ఉంటారు. అయితే ఆ మేడలకు సెంట్రింగు కట్టి, కాంక్రీటు పోసి, ఎండకు మాడినవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్ల కాపురం సోనాపూర్ క్యాంపుల్లో, ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకుని.

ఇది పెద్దవాళ్ల గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటే. ఆ డబ్బు పోయే దారి ఒకటి మన పొలం గట్టు మీదుగానే పోతోంది.

మొదట రాజమార్గం సంగతి చూద్దాం. 1973లో వచ్చిన విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం కింద దొంగదారిన డాలరు దాటిస్తే జైలు తప్పేది కాదు. దాన్ని తీసేసి 1999లో కొత్త చట్టం తెచ్చారు. పేరులో ‘నియంత్రణ’ పోయి ‘నిర్వహణ’ వచ్చింది. నేరం కాస్తా జరిమానాతో తీరే తప్పయింది. 2004లో దేశంలో ఉన్న ప్రతి మనిషీ ఏడాదికి 25,000 డాలర్లు బయటికి పంపవచ్చన్నారు. 2007 నాటికి అది 2 లక్షల డాలర్లయింది. 2013 ఆగస్టులో రూపాయి విలువ దభాలున పడేసరికి రిజర్వు బ్యాంకు గాభరాపడి పరిమితిని 75,000కు కుదించింది. విదేశాల్లో ఇళ్లు కొనడానికి ఈ దారిన డబ్బు పంపకూడదని ఆపేసింది కూడా. అంటే తలుచుకుంటే ఆపగలరన్నమాట! ఏడాది తిరక్కుండానే మళ్లీ తలుపు తెరిచారు. 2015లో తలకు 2 లక్షల 50 వేల డాలర్లు చేశారు. తల అంటే చంటిపిల్లవాడి తల కూడా లెక్కే. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 10 లక్షల డాలర్లు! 2023 అక్టోబరు నుంచి ఒక మొత్తం దాటితే 20 శాతం ముందుగా పట్టుకుంటున్నారు గానీ, అది ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటైపోయేదే.

2023–24లో ఈ దారిన వెళ్లింది సుమారు 3,170 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా విదేశీ ప్రయాణాల ఖర్చు. ఇళ్లు కొనడానికని కాగితం మీద రాసింది కొద్దిగానే ఉంటుంది. మరి అన్నన్ని మేడలు ఎలా వచ్చాయి? అక్కడే సంపాదించి కొన్నవి పోను, మిగతావాటికి దొడ్డిదారి ఒకటుంది. దాని పేరు హుండీ.

ఈ హుండీ ఎలా నడుస్తుందో కూలీలకు తెలియంది కాదు. సిరిసిల్ల నుంచి పోయిన కూలీ నెలాఖరున 1,000 దిర్హాములు ఇంటికి పంపాలి. బ్యాంకుకో ఎక్స్ఛేంజీకో పోవాలంటే సెలవు దొరకదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంటుంది. కంపెనీ వదిలి ‘ఖల్లివెల్లి’ అయినవాడికైతే ఏ కాగితమూ ఉండదు. క్యాంపు దగ్గరికే వచ్చే హుండీ మనిషి చేతిలో దిర్హాములు పెడతాడు. మర్నాటికల్లా ఇక్కడ వాళ్ల ఆడమనిషి చేతికి రూపాయలు అందుతాయి. బ్యాంకుకన్నా నాలుగు పైసలు ఎక్కువే ఇస్తారు. ఇంత మంచితనం ఎందుకు? కూలీ ఇచ్చిన దిర్హాములు సముద్రం దాటవు, అక్కడే ఉంటాయి. ఇక్కడ అతని ఇంట్లో ఇచ్చిన రూపాయలు, లెక్క చెప్పలేని సొమ్ము దగ్గర పెట్టుకుని దాన్ని దుబాయి చేర్చాలని చూస్తున్న ఆసామివి. దిర్హాము 24 రూపాయలు అనుకుందాం. ఐదువందలమంది కూలీలు తలా వెయ్యి ఇస్తే 5 లక్షల దిర్హాములు. ఇక్కడ కోటీ 20 లక్షల రూపాయలు ఇళ్లిళ్లకూ పంచిపెడితే అక్కడ ఆసామికి ఫ్లాటు బయానా సిద్ధం. ఏ బ్యాంకు పుస్తకంలోనూ గీత పడదు.

చూశారా ఎంత విచిత్రమో! మేడ కట్టిన చెమటా కూలీదే, మేడ కొనడానికి పనికొచ్చిన దిర్హామూ కూలీదే. హుండీవాడు మధ్యలో డబ్బు ఎగ్గొడితే ఫిర్యాదు చేసే దిక్కు లేదు. పట్టుబడితే ముందు ఇరుక్కునేది కూడా కూలీయే.

అసలు ఆ కూలీ ఎందుకు పోయాడు? ఏజెంటు సేవా రుసుము కింద తీసుకోదగింది చట్టం ప్రకారం 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. లక్షకు పైగా గుంజే ఏజెంట్లకు కొదవ లేదు. ఆ లక్ష కోసం ఉన్న అరెకరమో ఎకరమో కుదువ పెడతారు. ఇది చాలనట్టు 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వమే గల్ఫు కూలీలకు ఇవ్వవలసిన కనీస వేతనాన్ని తగ్గిస్తూ ఉత్తర్వు వేసింది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడి, గొడవ జరిగాక 2021లో వెనక్కు తీసుకుంది. డాలర్లు బయటికి పోవడానికి పరిమితులు పెంచిన చేతులే కూలీ జీతం దగ్గరికి వచ్చేసరికి కత్తెర పట్టాయి.

ఇక మన ఊరి పొలం సంగతి. విదేశాల్లో ఉండే భారతీయుడు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, అది చట్టం. కానీ తండ్రి తాతల నుంచి వచ్చిన భూమిని ఉంచుకోవచ్చు, ఇక్కడివాళ్లకు అమ్మవచ్చు, అమ్మిన సొమ్ము ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తీసుకుపోవచ్చు. పట్టణాలకు దూరంగా ఉన్న పల్లె పొలమైతే అమ్మకపు లాభం మీద ఆదాయపు పన్ను కూడా లేదు. కష్టపడి సేద్యం చేసుకునే చిన్న రైతు కోసం పెట్టిన మినహాయింపు అది. అమెరికాలో కూర్చున్న ఆసామికీ అదే వర్తిస్తోంది.

గుంటూరు వైపు ఊరొకటి తీసుకోండి. ఐదెకరాల ఆసామి అమెరికాలో ఉంటాడు, కౌలు డబ్బు బావమరిది వసూలు చేస్తాడు. పదిహేనేళ్లుగా ఆ చేను దున్నేవాడికి నోటిమాట తప్ప కాగితం లేదు. ఒకరోజు ఎవరో కారులో వచ్చి కొలిచిపోతారు. మరో నెలకు హద్దురాళ్లు పాతుతారు. కౌలుదారు చేసిన అప్పు అలాగే ఉంటుంది. ఆ చేలో నాట్లకూ కలుపుకూ పోయే ఆడకూలీలకు ఏటా దొరికే పనిదినాలు పోతాయి. ధర పెరిగింది ఆసామి తెలివితేటల వల్ల కాదు. రోడ్డు వచ్చింది, కాలవ వచ్చింది, ఆ చేనును చవుడు తేలకుండా కాపాడినవాడున్నాడు. పంపకంలో వాడి వంతు సున్న.

మన పెద్దలకు ఇది తెలియక కాదు. 1956 ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం 15వ సెక్షనులో, భూమి అమ్మదలచిన యజమాని ముందుగా కౌలుదారుకే నోటీసివ్వాలని రాశారు. తెలంగాణలో 1950 నాటి కౌలు చట్టం 38వ సెక్షను రక్షిత కౌలుదారుకు కొనే హక్కు ఇచ్చింది. పోరాటాల వేడిలో పుట్టిన సెక్షన్లవి. కౌలు నోటిమాటగా మారాక నోటీసు ఎవరికివ్వాలి? 2011 చట్టం కింద దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు విచారించి కార్డు ఇచ్చేవారు. ఆంధ్రలో 2019 చట్టం దానికీ యజమాని సంతకం కావాలంది, అదీ 11 నెలలకే. డల్లాస్‌లో ఉన్నవాడి సంతకం కోసం కౌలుదారు ఎక్కడికి పోతాడు?

అదే ఆసామి పొలం అమ్మాలంటే మాత్రం పవరాఫ్ అటార్నీ మీద బావమరిది సంతకం చెల్లుతుంది! రిజిస్ట్రారు ఆఫీసులో పాన్ అడుగుతారు, ఆధార్ అడుగుతారు. ఈ చేను ఎవడు దున్నుతున్నాడని అడిగేవాడు లేడు. సొమ్ము విదేశానికి పంపే ముందు బ్యాంకు ఆడిటరు సర్టిఫికెట్టు అడుగుతుంది. దానితో పాటు తహసీలుదారు నుంచి ఇంకొక్క కాగితం అడగమనండి: ఈ భూమిని సాగు చేస్తున్నదెవరు, అమ్మకానికి ముందు అతనికి నోటీసిచ్చారా, పెట్టిన పంటకూ చేసిన బాగుకూ ఎంత కట్టారు అని. ఖజానాకు దమ్మిడీ ఖర్చు లేని పని ఇది. ఈలోగా కౌలు కట్టేటప్పుడు బావమరిది చేతికి నోట్లు ఇవ్వకుండా, వీలైనచోట ఆసామి ఖాతాలోనే వేసి రసీదు దాచుకోండి. రేపు గ్రామసభలో గానీ కోర్టులో గానీ చూపించడానికి కౌలుదారు చేతిలో ఉండేది ఆ చీటీ ఒక్కటే.