ఎక్స్ అంటే ఎవరు?

మా ఫ్రీమాంట్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మూడో మాట పిల్లల లెక్కల గురించే. ఎవరి పిల్ల ఏ ఏడు ఆల్జీబ్రాలోకి వెళ్తుందన్నది ఇక్కడ పెళ్ళి సంబంధమంత విషయం.

శనివారాలు మా గరాజ్‌లో ఐదుగురు పిల్లలకి వీడియో గేమ్ రాయడం నేర్పుతున్నాను. అందులో ఒకమ్మాయి "నాకు లెక్కలు రావు" అని పేరుతో పాటే చెప్పేసింది. వాళ్ళమ్మగారు మొన్న అడిగారు: "ఆటలేనా అండీ, లెక్కలేమన్నా వస్తాయా? లేకపోతే ట్యూషన్‌లో వేసేస్తాం."

న్యాయమైన ప్రశ్నే. కోడింగ్ వస్తే లెక్కలు వాటంతటవే వస్తాయన్నది ఇక్కడి మూఢనమ్మకాల్లో ఒకటి. పైథాన్‌లో ఎక్స్ = ఎక్స్ + 1 అని హాయిగా రాస్తాం. లెక్కల క్లాసులో అదే రాస్తే సాధన లేని సమీకరణం. పదకొండేళ్ళ పిల్ల ఎవర్ని నమ్మాలి?

నేను వాడేది బూట్‌స్ట్రాప్ పాఠాలు. లెక్కల టీచరుగా పనిచేసిన ఇమ్మాన్యుయేల్ షాంజర్ మొదలుపెట్టారు. శ్రీరామ్ కృష్ణమూర్తి, క్యాథీ ఫిస్లర్ కలిశారు. ఉచితం. ఇందులో ఎక్స్ మధ్యలో మాట మార్చదు. ఫంక్షన్ అంటే బళ్ళో చెప్పే ఫంక్షనే.

తెర 640 చుక్కల వెడల్పు, 480 ఎత్తు. ఆ పిల్ల ఆటలో డాబా మీద అమ్మమ్మ, వడియాలు, కుడి నుంచి దూసుకొచ్చే కాకి. (ఆమె వడియాలు ఎండబెట్టడం చూసింది ఒక్క వేసవే!) కాకిని కదిలించే ఫంక్షన్ రాసే ముందు ఉదాహరణలు రాయాలి, అది నియమం. 300 ఇస్తే 300 - 50. 250 ఇస్తే 250 - 50. "రెండిట్లో ఏది మారింది?" అన్నాను. మొదటి అంకె చుట్టూ సున్నా చుట్టింది. "దానికో పేరు పెట్టు." కాసేపు చూసి, "ఓ, ఎక్స్ అంటే ఇదా!" అంది. ఏడాదిగా వర్క్‌షీట్లలో చూస్తున్న ఎక్స్‌తో ఆరోజు పరిచయమైంది.

తర్వాత కాకి అమ్మమ్మ మీదనించి వెళ్ళిపోయినా ఆట ఆగలేదు. తగిలినట్టు కంప్యూటర్‌కెలా తెలుస్తుంది? అడ్డంగా 30, నిలువుగా 40 తేడా ఉంటే మధ్య దూరం 70 అంది. కాగితం మీద గీసి, స్కేలు పెట్టి కొలిచి, కాదని తనే తేల్చింది. అప్పుడు పైథాగరస్‌ని అడిగి మరీ తీసుకుంది.

వాళ్ళమ్మగారికి ఆ కాగితం చూపించాను. సమీకరణాలు సాధించే అభ్యాసం ఇందులో తక్కువ, దానికి పెన్సిలు అరగాల్సిందేననీ చెప్పాను. నెలాఖరుదాకా చూస్తామన్నారు. కాకి మాత్రం ఇంకా వేగంగా రావాలట.